దాడికి దిగే స్కిజోఫ్రీనియాలో ఏది మేలు: నెలనెలా ఇంజెక్షనా, క్లోజపినా?

స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినబడటం, భ్రమలు కలగడం వంటి లక్షణాలున్న మానసిక జబ్బు) ఉన్న మనిషి ఒకటి రెండుసార్లు ఇంట్లోవాళ్ల మీద చెయ్యి చేసుకున్నాక కుటుంబ సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇంజెక్షన్ అంటే ఒంట్లో మెల్లగా విడుదలయ్యేలా వేసే మందు; క్లోజపిన్ అంటే మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే మాత్ర. ఈ జబ్బు ఉన్నవారిలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. ఇక్కడి మాటలన్నీ మిగిలిన కొద్దిమంది గురించే.

ఇంతకుముందు వాడిన మందు ఎందుకు పనిచేయలేదో తేలితే ఈ ప్రశ్న సగం తేలినట్టే. మాత్రను దవడలో దాచుకుని, అందరూ పక్కకు వెళ్లాక ఉమ్మేసేవారు ఉంటారు. అలాంటివారికి ఇంజెక్షనే మేలు, ఎందుకంటే వేయించుకోకపోతే ఆ సంగతి ఆ రోజే బయటపడుతుంది. మందు ఒంట్లో ఉండటమే ఎంత తేడా తెస్తుందో స్వీడన్ రికార్డుల ఆధారంగా 2014లో వెలువడిన అధ్యయనం చూపింది: అవే మనుషులు మందులు లేకుండా గడిపిన కాలంతో పోలిస్తే, యాంటీసైకోటిక్స్ (ఈ జబ్బుకు వాడే ప్రధాన మందులు) అందిన కాలంలో హింసాత్మక నేరాలు 45 శాతం తక్కువగా నమోదయ్యాయి.

అయితే రెండు వేర్వేరు మందులను తగిన మోతాదులో, ఒక్కొక్కటి కనీసం ఆరు వారాలు నిజంగానే మింగినా దాడులు ఆగకపోతే, అదే కోవ మందును సూదిలోకి మార్చినందువల్ల ఒరిగేది తక్కువ. అక్కడ నా మొగ్గు నిస్సందేహంగా క్లోజపిన్ వైపే. దాడులకు దిగే 110 మంది ఇన్‌పేషెంట్లపై 12 వారాలు సాగి, 2006లో వెలువడిన పరీక్షలో అది ఇదే జబ్బుకు వాడే హాలోపెరిడాల్ కంటే, ఒలాంజపిన్ కంటే కూడా దాడులను ఎక్కువగా తగ్గించింది. విశేషమేమిటంటే, జబ్బు లక్షణాలు తగ్గడంలో ఈ మూడింటి మధ్య అంత తేడా కనబడలేదు.

క్లోజపిన్‌తో చాకిరీ ఎక్కువే. తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉన్నందున మొదటి నెలల్లో వారం వారం రక్తపరీక్ష చేయించాలి. రాత్రి చొంగకు దిండు తడిసిపోతుంది. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకుంటే పేగులు స్తంభించిపోవచ్చు కాబట్టి విరేచనం అయిందో లేదో రోజూ అడగక తప్పదు. రెండు రోజులకు మించి మాత్ర తప్పితే మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మెల్లగా పెంచుకుంటూ రావాలి. అందుకే మాత్రలు ఎగ్గొట్టే అలవాటున్నవారికి ముందు ఇంజెక్షన్‌తో కుదురు తెచ్చి, అప్పటికీ దాడులు సాగితే క్లోజపిన్‌కు వెళ్లడం సబబు. ఈ చాకిరీకి జంకి దాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయడం మాత్రం నాకు సమ్మతం కాదు.

మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, రక్తపోటుకు వాడే ప్రొప్రనొలాల్ వంటివి తోడుగా ఇస్తుంటారు గానీ వాటికి గట్టి ఆధారం తక్కువ. మద్యం, గంజాయి సాగుతున్నంతకాలం పై రెండింటిలో ఏది ఎంచుకున్నా, ఆ వ్యసనానికి కూడా పక్కనే చికిత్స నడవాలి.