మారతహళ్ళి టీకా క్లినిక్: ఫ్రిజ్ భేష్, గోడ మీది లెక్క సరిదిద్దాలి

బెంగళూరు మారతహళ్ళిలో పెద్దవాళ్ళకు టీకాలు వేసే చిన్న క్లినిక్ ఇది. అసలు పని శ్రద్ధగా చేస్తున్నారు. ఫ్లూ టీకాను 2–8 డిగ్రీల మధ్యే ఉంచాలి, గడ్డకడితే పారేయాల్సిందే. ఇక్కడ ఫ్రిజ్‌లో థర్మామీటరుంది, రోజుకు రెండుసార్లు రాసే పట్టికుంది, తలుపు అరల్లో మందులు పెట్టరు (తెరిచినప్పుడల్లా ముందు వేడెక్కేది అవే). పెట్టె మీద సీజన్, గడువు చూపించాకే 0.5 మి.లీ. భుజం కండలోకి వేస్తారు. తర్వాత అరగంట కూర్చోబెడతారు.

కోవిషీల్డ్ డోసుల మధ్య వ్యవధి 2021లో 4–6 వారాల నుంచి 6–8కి, మేలో 12–16కి ఎందుకు మారిందని అడిగితే డాక్టరుగారు మాట దాటేయరు. ఎడం పెరిగితే రక్షణ మెరుగని ఆధారాలు వచ్చాయి, సలహా మారింది. మారాలి కూడా.

గోడ మీది పోస్టరే నచ్చలేదు. 'కోవిడ్ మరణాల రేటు 1.2 శాతం' అని రాసి ఊరుకున్నారు. అది పరీక్షలో తేలిన కేసుల్లో నమోదైన మరణాల వంతు మాత్రమే. పరీక్ష చేయించుకోనివాళ్ళను కలిపితే హారం పెరుగుతుంది, లెక్కకెక్కని చావులను కలిపితే లవమూ పెరుగుతుంది. 2020–21లో భారత్‌లో అదనపు మరణాలు (మామూలుగా జరిగేవాటికంటే ఎక్కువగా జరిగినవి) సుమారు 47 లక్షలని డబ్ల్యూహెచ్‌ఓ అంచనా. ప్రభుత్వం నమోదు చేసిన కోవిడ్ మరణాలు 4.8 లక్షలు, డబ్ల్యూహెచ్‌ఓ అంచనాను ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇదంతా పోస్టర్లో ఉండాలి, తెలుగులో కూడా.