సంఘంలో ఉండి అడగడమా, విడిచి వెళ్లడమా?

క్రైస్తవ సంఘంలో కాపరితోనో (పాస్టరుతోనో) పెద్దలతోనో విభేదం వచ్చిన విశ్వాసికి ఈ రెండు దారుల్లో ఏది మేలన్నది చాలావరకు ఆ సంఘం నడిచే పద్ధతిని బట్టి తేలుతుంది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సి.ఎస్.ఐ.లో, స్థానిక సంఘ వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ, దానిపైన అనేక సంఘాలు కలిసిన డయోసిస్, దానికి పెద్దగా బిషప్ ఉంటారు. కాపరులకు బదిలీలూ ఉంటాయి కనుక, ఒకరి ప్రసంగం నచ్చలేదని తాతలనాటి సభ్యత్వాన్ని వదులుకోవడం తొందరపాటే. అక్కడ ఉండడమంటే నోరు మూసుకుని భరించడం కాదు. మత్తయి సువార్త 18వ అధ్యాయం చెప్పినట్టు మొదట ఏకాంతంగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, చివరికి సంఘం ముందు మాట్లాడడం.

స్థాపించిన పాస్టరే బోధకుడూ, కానుకల లెక్క చూసేవాడూ, కొన్నిచోట్ల స్థలానికి యజమానీ అయిన స్వతంత్ర సంఘంలో ఈ మెట్లేవీ ఉండవు. లెక్క అడిగినవారిని ‘అభిషిక్తుణ్ని ముట్టకూడదు’, అంటే దేవుడు ఎన్నుకున్న సేవకుణ్ని ప్రశ్నించకూడదు, అంటూ అణచివేసే చోట ఉండిపోవడాన్ని ఓర్పు అనడం నాకు ఒప్పు కాదు.

వెళ్లడానికీ ఖర్చుంది. పల్లెల్లో సంఘమంటే చాలాసార్లు బంధువర్గమే. పెళ్లి జరిపించడం, సమాధుల తోటలో చోటు, పిల్లల ఆదివార బడి అన్నీ దానితో ముడిపడి ఉంటాయి. అందుకే కాపరికి కారణం చెప్పి, సభ్యత్వ బదిలీ పత్రం తీసుకుని, చేరబోయే సంఘంలో లెక్కలు ఎవరు చూస్తారో ముందే అడిగి వెళ్లడం మంచిది. వేధింపుకు గురైనవారు మాత్రం ఈ మర్యాదలకోసం ఆగనక్కరలేదు. వారు వెళ్లవలసింది ముందు పోలీసుల దగ్గరికి.