డిగ్రీ పిల్లల్ని టీచింగ్‌కి పిలవాలంటే: క్లాసుకెళ్లి మాట్లాడాలా, రీల్ వదలాలా?

బెంగళూరు కాలేజీల్లో చదివే మన తెలుగు పిల్లల్ని బీఈడీ వైపు తిప్పాలనుకునేవాళ్లకు ముందు ఎదురయ్యే ప్రశ్న ఇదే.

ఖర్చు: క్లాసుకైతే కరపత్రాలు, ఒక స్టాండీ (నిలబెట్టే బ్యానర్), ఆటో ఛార్జీ. రీల్‌ తీయడం చవకే, ప్రకటన డబ్బు మాత్రం రోజూ కరుగుతుంది.

శ్రమ: క్లాసుకు ప్రిన్సిపాల్ అనుమతి, ఒక ఖాళీ పీరియడ్ కావాలి. రెండు వారాల ముందే లేఖ ఇవ్వండి. ఇంటర్నల్స్ వారంలో వెళ్తే ఒక్కరూ నోట్సులోంచి తలెత్తరు. రీల్ ఒక పూట పని.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. ‘బీఈడీ చేస్తే టీచర్ ఉద్యోగం’ అని రీల్‌లో అనేస్తే తర్వాత తిట్లు మీకే. కోర్సు రెండేళ్లు. ప్రవేశానికి మామూలుగా డిగ్రీలో 50 శాతం, బీటెక్ వాళ్లకు 55 శాతం ఉండాలి. 2023 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పుతో 1–5 తరగతులకు బీఈడీ పనికిరాదు, డీఈఎల్‌ఈడీ (ప్రాథమిక టీచర్ల డిప్లొమా) కావాలి. 6–8కి బీఈడీతోపాటు టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఉంది. జనరల్ అభ్యర్థికి 150కి 90 రావాలి. కర్ణాటక టెట్టా, ఆంధ్రా టెట్టా అన్నది ఉద్యోగం ఎక్కడ చేస్తారన్నదాన్ని బట్టి. ముప్పై సెకన్లలో ఇదంతా ఎక్కడ ఇముడుతుంది? బోర్డు మీదైతే నాలుగు గీతల్లో తేలిపోతుంది.

చేతిలో నాలుగైదు కాలేజీలు, చివరి ఏడాది బీఎస్సీ పిల్లలు ఉంటే క్లాసుకే వెళ్లండి. మారతహళ్లి పీజీ హాస్టళ్లలో చెల్లాచెదురుగా ఉన్న, డిగ్రీ అయిపోయినవాళ్లకైతే రీలే. దాని కింద ఫారంలో మూడే అడగండి: డిగ్రీ, మార్కుల శాతం, ఫోన్ నంబరు. నంబరు వచ్చిన రెండు రోజుల్లో ఫోన్ చెయ్యండి.