పొదలకూరు రోడ్డు ఫిజియోథెరపీ కేంద్రంలో నాలుగు నెలలు

మా అమ్మకు కుడివైపు పక్షవాతం వచ్చి, నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద తొమ్మిది రోజులు ఉండి ఇంటికి వచ్చిన తరువాత, పొదలకూరు రోడ్డు వైపున్న ఒక చిన్న ఫిజియోథెరపీ కేంద్రానికి ఆమెను నాలుగు నెలల పాటు తీసుకువెళ్లాను. అక్కడ నాకు నచ్చినవీ నచ్చనివీ రాద్దామని కూర్చుంటే, వాటిలో సగం ఈ వైద్యానికి ప్రభుత్వాలు కట్టిన ధరల దగ్గరికే పోయి ఆగుతున్నాయి. అందువల్ల ఒక్క కేంద్రాన్ని తప్పుపట్టడం న్యాయం కాదనిపించి పేరు రాయడం లేదు.

మొదటి రోజు అనుభవం చాలా మంచిది. ఫిజియోథెరపిస్టు నలభై నిమిషాలు కూర్చుని, వేళ్లు ఎంత ముడుచుకుంటున్నాయో, మోకాలు ఎక్కడ బిగుసుకుంటోందో చూసి, చేయి వేలాడుతూ ఉండటం వల్ల భుజం కీలు సడలిందని చెప్పి, అన్నీ ఒక అట్ట మీద రాసి ఇచ్చారు. గోడకు బిగించిన కప్పీ తాడు పిడిని అమ్మ పట్టుకోలేకపోతే, క్రేప్ బ్యాండేజీతో ఆమె చేతిని పిడికి చుట్టి, ఎడమ చేత్తో లాగించారు. "బాగానే లాగతా ఉండావు పెద్దమ్మా, ఇంకో పదిసార్లు లాగితే ఇడిసిపెడతా" అంటూ పదిని ఇరవై చేసే నేర్పు ఆ అమ్మాయికి ఉంది. ఇంటి దగ్గర పళ్లెంలో బియ్యం పోసి, అందులో చింతగింజలు కలిపి, కుడిచేతి బొటనవేలు, చూపుడువేలుతో ఏరి డబ్బాలో వేయించమన్నారు. రెండో నెలకు అమ్మ పూటకు ముప్పై గింజలు ఏరగలిగింది. నా దృష్టిలో ఆ కేంద్రంలోని ఏ యంత్రమూ ఈ పళ్లెం చేసినంత మేలు చేయలేదు.

ఇక ధర. ఒక సిట్టింగుకు 350 రూపాయలు. పది సిట్టింగులకు ముందే కడితే 3,000. ఆ లెక్కన, వారానికి ఆరు రోజుల చొప్పున నెలకు 26 సిట్టింగులంటే 7,800 రూపాయలు, ఆటోకు రానుపోను రోజుకు 160 కలుపుకుంటే పన్నెండు వేలకు నలభై రూపాయలు తక్కువ. ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులకు మేము ఒక్క రూపాయి కట్టలేదు. ఎందుకంటే 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై పేర్లు మారుతూ వచ్చిన ఈ పథకం జబ్బుకు ఇంత అని ఒక ప్యాకేజీ కట్టి ఆసుపత్రికి చెల్లిస్తుంది. మందులు, పరీక్షలు, భోజనం, ఇంటికి వెళ్లే ఖర్చుతో సహా అన్నీ అందులోనే. కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీ డిశ్చార్జి తరువాత మరో 15 రోజుల వరకు వస్తుంది. పక్షవాతంలో పోయిన చేయి తిరిగి రావడానికి పదిహేను రోజులు ఏ మూలకు? కోలుకోవడం వేగంగా సాగేది మొదటి మూడు నెలల్లోనే అని వైద్యులంతా చెబుతారు, ఖర్చు మొత్తం రోగి మీద పడేదీ ఆ మూడు నెలల్లోనే.

డిశ్చార్జి తరువాతి రోజుల కోసం 2019 డిసెంబరులో మన రాష్ట్రంలో ఆరోగ్య ఆసరా అని ఒకటి మొదలుపెట్టారు. రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా. అది పోయిన కూలికి ఇచ్చిన భృతి, చికిత్సకు ఇచ్చిన ధర కాదు. ఒక రోజు భృతితో ఒక సిట్టింగు కూడా రాదు. 2024 జూలై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైన పక్షవాత రోగికి నెలకు 15,000 పింఛను ఇస్తున్నారు, అది ఎంతో మంచి పని. అయితే మంచం పట్టినవారికి అంత ఇవ్వగల ఖజానా, మంచం పట్టకుండా ఆపే సిట్టింగులకు విడిగా ధర కట్టకపోవడం నాకు అర్థం కాలేదు.

మూడో నెలలో నాకు కోపం తెప్పించిన సంగతి వేరు. నలభై నిమిషాల సిట్టింగు ఇరవై ఐదుకు తగ్గింది, అందులో పదిహేను నిమిషాలు కరెంటు ప్యాడ్లతోనే గడిచేది. సహాయకుడు వరుసగా నలుగురికి ప్యాడ్లు అంటించి, టైమర్లు తిప్పి, ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు. అడిగితే థెరపిస్టు దాచకుండా చెప్పారు: మనిషి చేతులతో చేయించే వ్యాయామానికి ఒక్కరే పడతారు, యంత్రాల మీదైతే నలుగురు పడతారు, అద్దె కట్టాలి కదా అని. పక్క మంచం మీది పెద్దాయన తపాలా శాఖలో రిటైరయ్యారు. ఆయన సీజీహెచ్‌ఎస్ కోసం రాయించుకున్న బిల్లు చూస్తే సంగతి ఇంకా తేటపడింది. కేంద్ర ఉద్యోగుల ఆ పథకం ధరల పట్టికలో ఫిజియోథెరపీ అంటే అల్ట్రాసోనిక్, డయాథెర్మీ, వాక్స్ బాత్, హాట్ ప్యాక్, ట్రాక్షన్ అని యంత్రాలు, కాపడాల పేర్లతో చాలావరకు పద్దులవారీగా ఉంటుంది. ఎంతసేపు చేయించారన్న గడి లేదు. పద్దుకు డబ్బు వస్తే ఏ దుకాణమైనా పద్దులే పెంచుతుంది.

మా పిన్ని కొడుకు అమెరికాలో ఇదే వృత్తిలో ఉన్నాడు. అక్కడ వృద్ధులకు ప్రభుత్వం నడిపే మెడికేర్, చేయించే వ్యాయామాలకు 15 నిమిషాలను ఒక యూనిట్‌గా లెక్కగట్టి చెల్లిస్తుంది. 8 నిమిషాలకు తగ్గితే యూనిట్ రాదు, రెండు యూనిట్లు కావాలంటే 23 నిమిషాలైనా చేయించాలి. హాట్ ప్యాక్‌కు విడిగా ఏమీ ఇవ్వదు. సహాయకుడు చేయిస్తే 2022 నుంచి ఆ ధరలో 85 శాతమే. అక్కడా ఏడుపు లేకపోలేదు: ఒక్కో చికిత్సకు వేసే పాయింట్లను డాలర్లలోకి మార్చే గుణకం 2020లో 36.09 ఉండగా 2025కి 32.35కు దిగిందని వాడు నొచ్చుకుంటాడు. అయినా నిమిషాలను లెక్కించే పద్ధతి మాత్రం మనం తెచ్చుకోదగ్గదే.

ఆ సంభాషణ తరువాత నేను ఆ కేంద్రంలో ఒక చిన్న ఏర్పాటు అడిగాను. సిట్టింగు అట్ట మీద సంతకం పక్కన, చేతితో చేయించిన నిమిషాలు వేయమన్నాను. మొదట మొహమాటపడ్డారు గానీ ఒప్పుకున్నారు. ఆ వారం నుంచి పద్దెనిమిదికి తగ్గలేదు. దీనికి వారికి మార్కులు వేయాల్సిందే.

మిగిలినవి క్లుప్తంగా. గది శుభ్రంగా ఉంటుంది, ఆడవాళ్లకు తెర ఉంది. రశీదు అడిగితేనే ఇస్తారు. కరెంటు పోతే యంత్రాలు ఆగుతాయి, ఆ రోజు వ్యాయామం ఎక్కువ దొరుకుతుంది కనుక నాకు అభ్యంతరం లేదు. నడవలేనివారి కోసం పెట్టిన చోట గుమ్మానికి మూడు మెట్లుండి, ర్యాంపు లేకపోవడం మాత్రం క్షమించరానిది. డబ్బు కట్టలేనివారికి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉండనే ఉంది. ఎదుగుదల లోపాలున్న పిల్లలకైతే నెల్లూరులోనే దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సీఆర్‌సీ ఉంది, ముందు అక్కడ అడగండి.

ఈ కేంద్రానికే వెళ్లదలిస్తే ఉదయం ఏడు గంటల వేళ అడిగి తీసుకోండి, అప్పుడు మంచాలు ఖాళీగా ఉంటాయి. పది సిట్టింగుల డబ్బు మొదటి రోజే కట్టకండి, నాలుగు రోజులు చూసి కట్టండి. ఆటో దిగగానే ఫోను చేస్తే థెరపిస్టే కిందికి వచ్చి మెట్లు ఎక్కిస్తారు.