ఎన్‌సీఆర్ బటన్‌తో ఎనిమిదేళ్లు

డిగ్రీ స్టాటిస్టిక్స్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఎనిమిదేళ్లుగా నా చేతిలో ఒకటే సైంటిఫిక్ కాలిక్యులేటర్. కాంబినేషన్లు (వరుసతో పని లేకుండా కొన్నింటిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చో లెక్కించడం) మొదలుపెట్టిన వారంలోనే ఎవరో ఒకరు టెన్షన్ పడుతూ వస్తారు: "సార్, 100 బల్బుల్లో 5 తీయాలి, మ్యాథ్ ఎర్రర్ అంటోంది." చూస్తే, 100! (ఫ్యాక్టోరియల్, అంటే 1 నుంచి 100 వరకు అన్నీ గుణించిన లబ్ధం) ని 95! తో, 5! తో భాగించమని కొట్టి ఉంటారు. ఈ మిషన్ 69! వరకే మోస్తుంది, అది దాదాపు 1.711 × 10^98. 70! కొడితే 10^100 దాటిపోతుంది, అక్కడే చేతులెత్తేస్తుంది.

అసలు జవాబు మాత్రం 7,52,87,520. ఇంతే!

కాంబినేషన్లను నేరుగా లెక్కించే ఎన్‌సీఆర్ (nCr) బటన్ చూపించే ముందు వాళ్లతో చేత్తో చేయిస్తాను. 100 రాయి. 99తో గుణించి 2తో భాగించు, 4950. 98తో గుణించి 3తో భాగించు, 1,61,700. 97, 4: 39,21,225. 96, 5: జవాబు వచ్చేసింది. ఎక్కడా దశాంశం రాదు. ఎందుకంటే ప్రతి మెట్టులో వచ్చేది కూడా ఒక కాంబినేషనే: 100లో 2, 100లో 3, అలా. ఇది అర్థమైనప్పుడు పిల్లల మొహాలు చూడటం నాకు చాలా ఇష్టం. 100లో 95 అడిగితే భయపడొద్దు, అది 100లో 5తో సమానం.

ఎన్‌సీఆర్ బటన్ 100లో 50నీ ఇచ్చేస్తుంది: 1.008913445 × 10^29. మొత్తం 30 అంకెల్లో మనకు కనిపించేవి పదే, అదొక లోటు. 200లో 100 అడిగితే మాత్రం మళ్లీ ఎర్రరే. జవాబు 10^59 లోపే ఉన్నా, 200 నుంచి 101 వరకు గుణించిన లబ్ధం మధ్యలోనే 10^100 దాటేస్తుంది. దీనితో నేను చాలా విసిగాను.

ఇప్పుడు 200లో 100 లాంటి, సరిగ్గా సగం ఎంచుకునే లెక్కలకు 4^100 ని 100π వర్గమూలంతో భాగిస్తాను. 9.066 × 10^58 వస్తుంది, అసలు విలువ 9.055 × 10^58. తేడా నూటికి 0.125 దాకా, అంతే. మిగతా లెక్కలకు స్ప్రెడ్‌షీట్‌లో గామాఎల్ఎన్ (GAMMALN) ఫంక్షన్‌తో ఫ్యాక్టోరియల్‌ల లాగరిథమ్‌లు తీసుకుని, తీసివేసి, చివర్లో ఎక్స్‌పొనెన్షియల్ చేస్తాను. ప్రతి అంకే కావాలంటే పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో 3.8 వెర్షన్ నుంచి మ్యాథ్ మాడ్యూల్‌లో కాంబ్ (comb) ఫంక్షన్ ఉంది, 200లో 100కి 59 అంకెలూ ఇస్తుంది.

నూరు లోపు లెక్కలకైతే ఈ కాలిక్యులేటర్‌నే కొనమంటాను. పరీక్ష హాల్లోకి స్ప్రెడ్‌షీట్ రాదు కదా.