సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొంటున్నారా? డబ్బు కట్టకముందే షాపులో అప్‌డేట్ వేయించి చూడండి

నెల్లూరులో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనాలనుకుంటున్నవాళ్ళు, ముఖ్యంగా నాలాగా పల్లెల్లో ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే షాపు పెట్టుకుని బతుకుతున్నవాళ్ళు, దయచేసి ఇది చివరిదాకా చదవండి. నేనట్టా ఒకటి కొని మోసపోయాను. పోయిన డబ్బు నాదే. కానీ ఆ కంప్యూటర్లో మా ఊరివాళ్ళ ఆధార్లు, బ్యాంకు పుస్తకాలు, పొలం పాసుపుస్తకాల కాపీలు ఉన్నాయి. నెలకు పైగా అవన్నీ తాళం లేని ఇంట్లో పెట్టినట్టు ఉన్నాయని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు.

మాది అల్లూరు. జిరాక్సు, ఫోటోలు, పిల్లల కాలేజీ దరఖాస్తులు, రైతులకు కావాల్సిన ఆన్‌లైన్ పనులు చేసిపెడతాను. నా పాత డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్, అంటే లెక్కలన్నీ చేసే చిప్పు, ఐ3, ఏడో జనరేషన్. విండోస్ 10. బాగానే నడిచేది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోయిందని స్క్రీన్ మీద మెసేజ్ రావడం మొదలైంది. నెల్లూరు పోయినప్పుడు ఒక షాపులో అడిగితే, "ఇంక విండోస్ 10 పనిచెయ్యదు మేడమ్, గవర్నమెంటు సైట్లు కూడా ఓపెన్ కావు. పాతది మాకిచ్చేయండి, విండోస్ 11 వేసిన ఐ5 ఇస్తాం" అన్నాడు.

అది అబద్ధం. సపోర్టు ఆగిపోవడమంటే కంప్యూటర్ ఆగిపోవడం కాదు, నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు రాకపోవడం. పైగా ఇళ్ళల్లో వాడే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించింది. 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యి, సెట్టింగులు బ్యాకప్ పెట్టుకుంటే రూపాయి కట్టకుండానే అందులో చేరొచ్చు. సెట్టింగుల్లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఆ లింకు ఉంటుంది. నాకా సంగతి అప్పుడు తెలీదు. తెలిసుంటే నవంబరులో, వానల్లో, అంత హడావిడిగా పోయేదాన్నే కాదు.

పాతది 3,000కి ఎక్స్ఛేంజి వేసి, చేతి నుంచి 11,500 కట్టాను. ఐ5, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 11 ప్రో. ఆన్ చేస్తే నీలం పువ్వు బొమ్మతో, మధ్యలో స్టార్ట్ బటనుతో కొత్తదానిలాగే మెరిసిపోతూ ఉంది. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనక "6 నెలల వారంటీ" అని రాసిచ్చాడు. పాతదాంట్లో హార్డ్ డిస్క్ మాత్రం ఊడదీయించి తెచ్చుకున్నాను. ఆ రోజు చేసిన మంచి పని అదొక్కటే.

ఇంటికొచ్చాక రెండో రోజు అప్‌డేట్ పేజీ తెరిచాను. పైన ఎర్ర అక్షరాలతో, కొన్ని సెట్టింగులు మీ సంస్థ చేతిలో ఉన్నాయని ఇంగ్లీషులో ఒక లైను. నాకు సంస్థేంది? నాది వీధి మలుపులో ఒక గది. షాపుకి ఫోన్ చేస్తే, "అప్‌డేట్లు మేమే ఆపి ఇచ్చాం మేడమ్. వేస్తే స్లో అయిపోద్ది. మీకెందుకు అయ్యన్నీ" అన్నాడు. ఈ మాట మీకు ఏ షాపులో వినపడినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. సొంత కంప్యూటర్లో ఆ ఎర్ర లైను కనపడితే, ఎవరో లోపల పాలసీలు, అంటే విండోస్ నడిచే కట్టుబాట్లు, మార్చారని చాలాసార్లు అర్థం.

సర్వీసుల జాబితాలో చూస్తే విండోస్ అప్‌డేట్ అనేది డిజేబుల్ చేసి ఉంది. దాన్ని మాన్యువల్‌లో పెట్టి స్టార్ట్ చేశాను. నవంబరు నెల అప్‌డేట్ దిగింది, ఇన్‌స్టాల్ అయ్యింది, రీస్టార్ట్ అడిగింది. 30 శాతం దాకా పోయి ఆగింది. తర్వాత "అన్‌డూయింగ్ ఛేంజెస్" అంటూ వెనక్కి మళ్ళింది. గంటసేపు అట్టానే తిరిగి పాత చోటికే వచ్చింది. ఎర్రర్ 0ఎక్స్800ఎఫ్0922. మూడు రోజులు మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

షాపతను ఈసారి తప్పు మా ఊరి మీదకి నెట్టాడు. "మీ పల్లెల్లో కరెంటు సరిగ్గా ఉండదు కదా, మధ్యలో పోయుంటది." నా షాపులో యూపీఎస్ ఉంది, ఇన్వర్టరూ ఉంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఫైళ్ళు చెడిపోవడం నిజమే, అందుకే రెండూ పెట్టుకున్నాను. ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా కంప్యూటర్ ఆఫ్ కాలేదు.

అప్‌డేట్ ఫెయిలైన ప్రతిసారీ మోసమే అనుకోకండి, అది కూడా చెప్పాలి. డిస్క్‌లో ఖాళీ లేకపోయినా ఫెయిలవుతుంది. దానికి 0ఎక్స్80070070 అని వస్తుంది, చెత్త తీసేస్తే సరిపోద్ది. 2024 జనవరిలో విండోస్ 10 వాళ్ళు చాలామందికి 0ఎక్స్80070643 అని వచ్చింది. రికవరీ పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లో రిపేరు ఫైళ్ళకి విడిగా ఉంచిన భాగంలో, 250 ఎంబీ ఖాళీ లేకపోవడం దానికి కారణం, మెషిన్ తప్పేమీ లేదు. అప్పుడు మా బంధువు ఒకాయనకి కావలిలో హార్డ్ డిస్కే మార్చాలని చెప్పారట. మార్చకుండానే బాగయ్యింది. కాబట్టి కోడ్ ఏందో ముందు కాగితం మీద రాసుకోండి. కోడ్ చూడకుండా "ఫార్మాట్ కొట్టాలి" అనేవాళ్ళకి మెషిన్ ఇవ్వకండి.

నేను అందరూ చేసేవే చేశాను. సెట్టింగుల్లో ట్రబుల్‌షూటర్ నడిపాను. అప్‌డేట్ సర్వీసు ఆపి, విండోస్ ఫోల్డర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ పేరు మార్చి, మళ్ళీ మొదలుపెట్టాను. సగం దిగి చెడిపోయిన ఫైళ్ళ వల్ల ఆగుతుంటే దీంతో కదులుతుంది. నాది కదల్లేదు. చివరికి కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి, డిస్మ్ అనే కమాండుతో రిపేరు పెట్టాను. విండోస్ తన ఫైళ్ళని పరీక్షించుకుని, చెడినవాటిని మూల ఫైళ్ళు తెచ్చుకుని బాగుచేసుకునే పద్ధతి అది. మూల ఫైళ్ళే దొరకడం లేదంది. ఎర్రర్ 0ఎక్స్800ఎఫ్081ఎఫ్.

ఆదివారం మా మేనల్లుడు వచ్చాడు. నెల్లూరులో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఆ కోడ్ చూసి, "అత్తా, ఇది మామూలు విండోస్ కాదేమో. ఎవరో కోసి, తగ్గించి తయారుచేసిన కాపీలా ఉంది. కోసేసిన ముక్కల మీద అప్‌డేట్ ఎట్టా కూర్చుంటది?" అన్నాడు. అప్పటిదాకా నేను అప్‌డేట్‌ని బాగుచేస్తా ఉన్నాను. బాగోలేనిది అసలు కంప్యూటరే అని అప్పుడర్థమైంది.

వాడు ఒక్కొక్కటీ తెరిచి చూపించాడు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ దగ్గర ప్రాసెసర్ పేరు: ఐ5-4570. నాలుగో జనరేషన్, 2013లో వచ్చింది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఐ5 అనే మాటకు విలువేమీ లేదు, దాని పక్కన గీత తర్వాతున్న అంకెకే ఉంది. డెస్క్‌టాప్‌లో నాలుగంకెలుంటే మొదటి అంకె జనరేషన్, 8500 అంటే ఎనిమిది. అయిదంకెలుంటే మొదటి రెండు, 10400 అంటే పది. ఇంటెల్‌లో విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది, ఒకటీ అరా తప్ప, ఎనిమిదో జనరేషన్ నుంచి. ఏడో జనరేషన్ మెషిన్ ఇచ్చి, పైన డబ్బు కట్టి, నాలుగో జనరేషన్ తెచ్చుకున్నాను నేను.

రన్‌లో విన్‌వర్ అని కొడితే 23హెచ్2. హోమ్, ప్రో వాళ్ళకి ఆ వెర్షన్ గడువు 2025 నవంబరు 11నే అయిపోయింది. అంటే నేను కొనకముందే. టీపీఎం చూసే పేజీలో అసలు టీపీఎం లేదని వచ్చింది. అది పాస్‌వర్డుల తాళాలు దాచే చిప్పు, విండోస్ 11కి 2.0 రకం ఉండి తీరాలి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్, అంటే కంప్యూటర్ ఆన్ అయ్యే పద్ధతి, దగ్గర యూఈఎఫ్ఐ అని ఉండాల్సింది లెగసీ, అంటే పాత పద్ధతి, అని ఉంది. ఈ పరీక్షలన్నీ దాటించి దొంగదారిలో విండోస్ 11 వేసే పద్ధతులు ఉన్నాయి. సొంత మెషిన్ మీద తెలిసి వేసుకునేవాళ్ళతో నాకు గొడవ లేదు. కానీ అట్టాంటి మెషిన్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయని హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్తుంది, కొత్త వెర్షన్లయితే వాటంతటవి రావు. ఆ సంగతి దాచి "విండోస్ 11 ప్రో, ఒరిజినల్" అని అమ్మడం మోసం. ఇంకో మాట లేదు.

లైసెన్సు కమాండు కొడితే, ఫలానా తేదీకి యాక్టివేషన్ గడువు ముగుస్తుందని చూపించింది. కొనుక్కున్న లైసెన్సయితే శాశ్వతంగా యాక్టివేట్ అయిందని రావాలి. తేదీ వస్తే, పెద్ద ఆఫీసులకిచ్చే 180 రోజుల పద్ధతిని దొంగ టూలుతో ఆడిస్తున్నారని అనుమానించాలి. అన్నిటికంటే నన్ను భయపెట్టింది విండోస్ సెక్యూరిటీలో కనపడింది. వైరస్ వెతకొద్దని ఒక ఫోల్డర్‌ని మినహాయింపుల్లో పెట్టి ఉంచారు. అందులో ఏముందో, ఏం చేస్తుందో నాకు తెలీదు. ఆ మెషిన్ మీదే నేను జనం చేత ఓటీపీలు కొట్టించాను.

వెంటనే నెట్ వైరు పీకేశాను. నా పాస్‌వర్డులన్నీ ఫోన్ నుంచి మార్చుకున్నాను. ఆ మెషిన్ మీద బ్యాంకు పని చేయించుకున్న వాళ్ళందరికీ ఫోన్ చేసి, పాస్‌వర్డ్ మార్చుకోమని, ఖాతా చూసుకుంటా ఉండమని చెప్పాను. సిగ్గుగా అనిపించింది కానీ, చెప్పకుండా ఉండటం ఇంకా తప్పు. ఎవరి డబ్బూ పోలేదు, దేవుడి దయ.

మెషిన్ బస్సులో పెట్టుకుని నెల్లూరు పోయాను. 800 తీసుకుని ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే అదే పెన్‌డ్రైవ్‌లోని అదే విండోస్, అదే ఎర్ర లైను. రెండోసారి పోతే, "సెకండ్ హ్యాండ్ ఇట్టానే ఉంటది" అన్నారు.

అప్పుడు 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడారు. బిల్లు లేకపోయినా ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాటు, కార్డు వెనక రాత ఫోటో, ఎర్రర్ కోడ్‌ల ఫోటోలు ఉంచుకున్నాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అక్రమ వ్యాపార పద్ధతి. బిల్లు మీద గడువేదీ రాసి లేకపోతే, లోపమున్న వస్తువుని 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం కూడా అంతే. "మీరు షాపు కోసం కొన్నారు, మీకు వర్తించదు" అని షాపతను వాదించాడు. అదీ తప్పే. బతుకుతెరువు కోసం సొంతంగా పనిచేసుకునేవాళ్ళు కూడా వినియోగదారులేనని చట్టంలో ఉంది.

పది రోజుల బేరం తర్వాత మెషిన్ తీసుకుని 9,000 వెనక్కి ఇచ్చారు. నా పాతది అప్పటికే అమ్మేశారు. సంక్రాంతి ముందు షాపు మూసి కూర్చోలేక ఒప్పుకున్నాను. నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఒంగోలులోనూ ఉంది. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు ఎప్పుడైనా వేయొచ్చు. వేసుండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది. మీకు ఓపికుంటే నాలాగా మధ్యలో వదలకండి.

రెండో మెషిన్ ఇంకో చోట తీసుకున్నాను, ఐ5-8500, 19,000. మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని పోయాను. ముందు ప్రాసెసర్ అంకె, తర్వాత వెర్షన్, టీపీఎం, లైసెన్సు, మినహాయింపుల జాబితా, అన్నీ చూశాం. చివరగా నా ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి, వాళ్ళ ముందే అప్‌డేట్ వెతికించి, వేయించి, రీస్టార్ట్ చేయించాం. గంటన్నర పట్టింది. షాపాయన విసుక్కోలేదు, టీ కూడా తెప్పించాడు. తిరిగి ఆన్ అయ్యి, 25హెచ్2 మీద ఆకుపచ్చ టిక్కు పడ్డాక డబ్బు కట్టాను, బిల్లు మీద ప్రాసెసర్ నంబరు, సీరియల్ నంబరు రాయించుకున్నాను.

ఇప్పటికే మీ ఇంట్లో ఇట్టాంటి మెషిన్ ఉండి, అప్‌డేట్లు వెనక్కి తిరుగుతా ఉంటే, ముందు ఫోటోలు, ఫైళ్ళు మాత్రం బయట డిస్క్‌లోకి తీసుకోండి, అందులోని సాఫ్ట్‌వేర్లు వద్దు. తర్వాత మైక్రోసాఫ్ట్ సైటులో ఉచితంగా దొరికే టూలుతో, నమ్మకమైన వేరే కంప్యూటర్ మీద విండోస్ పెన్‌డ్రైవ్ మీరే తయారుచేసుకుని, డిస్క్ మొత్తం తుడిచి విండోస్ కొత్తగా వేసుకోండి. లైసెన్సు విడిగా కొనాల్సి రావచ్చు. అది పూర్తయ్యేదాకా ఆ కంప్యూటర్ మీద బ్యాంకు సైటు తెరవకండి.