డిస్క్ డ్రైవ్ లేని చిన్న ల్యాప్‌టాప్‌కి వెంటాయ్ పెన్ డ్రైవ్: కొన్నేళ్లు వాడాక

పది అంగుళాల తెర, అటామ్ ఎన్270 ప్రాసెసర్, ఒక జీబీ ర్యామ్, సీడీ డ్రైవ్ లేదు. ఈ పాత ల్యాప్‌టాప్ మా ఇంట్లో ఇంకా పనిచేస్తోందంటే ఆ పుణ్యం వెంటాయ్ వేసుకున్న పెన్ డ్రైవ్‌దే. సీడీ అవసరం లేకుండా పెన్ డ్రైవ్ నుంచే ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించుకోవడానికి పనికొచ్చే ఉచిత ప్రోగ్రామ్ వెంటాయ్, 2020లో వచ్చింది.

ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో హార్డ్ డిస్క్‌లోనే ఒక రికవరీ పార్టిషన్ (ఓఎస్ కాపీ ఉండే విడి భాగం) దాచి ఇచ్చేవారు. ఆన్ చేసేటప్పుడు ఒక కీ నొక్కితే ఓఎస్ మళ్లీ కొత్తగా ఎక్కుతుంది. కానీ హార్డ్ డిస్క్ పోతే అదీ పోతుంది. మాకు అదే జరిగింది. అది ఉన్నా తిరిగి వచ్చేది విండోస్ ఎక్స్‌పీ. 2014 ఏప్రిల్ 8తో దాని సపోర్ట్ అయిపోయింది. అందులో తెలుగు అక్షరాలు సరిగ్గా కనిపించాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఒక టిక్ పెట్టాలి, పెట్టగానే ఎక్స్‌పీ సీడీ అడిగేది. డ్రైవే లేని మెషీన్‌లో సీడీ ఎక్కడ పెడతాం?

వెంటాయ్‌ని పెన్ డ్రైవ్‌లో ఒక్కసారి ఎక్కిస్తే చాలు. అప్పుడు మాత్రం అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే కాపీ తీసుకోండి. ఆ తర్వాత ఐఎస్ఓ ఫైళ్లను (ఓఎస్ సీడీ మొత్తం ఒకే ఫైలుగా ఉండేవి) పాటలు కాపీ చేసినట్టు వేసుకోవడమే. ల్యాప్‌టాప్ ఆ పెన్ డ్రైవ్ నుంచి బూట్ (స్టార్ట్) అవగానే లిస్టు వస్తుంది, కావలసినది ఎంచుకోవచ్చు. పెన్ డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంటుంది కాబట్టి 4 జీబీ దాటిన ఫైలు కూడా పడుతుంది.

ఎన్270 కేవలం 32 బిట్ ప్రాసెసర్, 64 బిట్ ఐఎస్ఓ దాని మీద నడవదు. డెబియన్ అనే లినక్స్ ఓఎస్ 13వ వెర్షన్‌లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు. అందుకే 2023లో వచ్చిన డెబియన్ 12 ఐఎస్ఓని నేను జాగ్రత్తగా దాచుకున్నాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది అదే పెన్ డ్రైవ్‌లో వేసుకున్న క్లోన్‌జిల్లా, అంటే డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా (ఉన్నదున్నట్టు కాపీగా) దాచిపెట్టే ప్రోగ్రామ్. తెలుగు కీబోర్డు, ఫాంట్లు, ప్రింటర్ అన్నీ కుదిరాక మొత్తం సిస్టమ్‌ని బయటి హార్డ్ డిస్క్‌లోకి ఇమేజ్ తీశాను. డేటా ఉన్న భాగాన్నే తీసుకుంటుంది కాబట్టి ఇమేజ్ చిన్నగా వస్తుంది. ఇప్పుడు ఏం పాడైనా టెన్షన్ లేదు, మళ్లీ మొదటి నుంచి సెట్టింగులు చేసుకునే పని తప్పింది. కొత్త డిస్క్ వేస్తే మాత్రం అది పాతదానికన్నా చిన్నది కాకూడదు.

కొన్ని పాత బయోస్‌లలో (ఆన్ చేయగానే ముందుగా వచ్చే సెట్టింగుల ప్రోగ్రామ్) పెన్ డ్రైవ్ ముందే పెట్టి ఆన్ చేస్తేనే కనిపిస్తుంది, అదీ హార్డ్ డిస్క్‌ల లిస్టులో. అక్కడ వెతకండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో సెక్యూర్ బూట్ (నమ్మకమైన ప్రోగ్రామ్‌లనే బూట్ కానిచ్చే రక్షణ) ఉంటే మొదటిసారి నీలం తెర వచ్చి వెంటాయ్ సెక్యూరిటీ కీ నమోదు చేయమంటుంది, కంగారు పడక్కర్లేదు. మా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది నెమ్మదైన యూఎస్‌బీ 2.0 పోర్టు కాబట్టి లోడ్ కావడానికి కాస్త ఓపిక పట్టాలి.

పెన్ డ్రైవ్ దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. నాసిరకం వాటిలో కాపీ మధ్యలోనే ఫైలు చెడిపోతుంది. ఐఎస్ఓ వేశాక డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన చెక్‌సమ్‌తో (ఫైలు చెడిపోలేదని తేల్చే కోడ్) సరిచూసుకుని, ఆ తర్వాతే హార్డ్ డిస్క్ మీద చెయ్యి వెయ్యండి.